జాకీ మీద బిగించకూడదు

మా మరదలు నన్ను "మీరు" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

షెడ్డు గుమ్మంలో దారిన పోయే కస్టమరులా నిలబడి, "వదినా, మీకు వీలుంటే బండి ఒకసారి చూస్తారా? ముందు వైపు శబ్దం వస్తోంది" అంది. పెళ్ళైన కొత్తలో ఈ పిల్ల మీరు, గారు అంటూ నాకు తెగ మర్యాద చేసేది. ఓ రోజు నేను కారు కింద పడుకుని ఉంటే పానా అందించబోయి సరిగ్గా నా ముక్కు మీద జారవిడిచింది. "అయ్యయ్యో, చూసుకోవాలి కదా వదినా నువ్వు!" అని పైగా నన్నే కసిరింది. నా ముక్కు వాచింది, ఆ మర్యాద పోయింది, అప్పట్నుంచీ నువ్వనే అంటోంది. అలాంటిది ఇవాళ మళ్ళీ మొదటికొచ్చింది. మీరట, చూస్తారా అట, వీలుంటేనట.

"వీల్లేదు" అన్నాను.

"పర్లేదండీ. ఇంకెక్కడైనా చూపించుకుంటాను. రేపు పొద్దున్నే బయల్దేరాలి కదా."

"ఇంకెక్కడికైనా వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాను. నోరు మూసుకుని లోపలికి తోలు."

తోలింది.

మీకు సంగతి చెప్పాలి. మా తమ్ముడూ ఈ పిల్లా విడిపోయారు. కోర్టూ సంతకాలూ అన్నీ అయిపోయాయి. బండి ఆమెకే ఇచ్చేశాడు వాడు. ఆమెకి వేరే ఊళ్ళో ఉద్యోగం దొరికింది. ఆ ఊరు పక్కనేం లేదు, పొద్దున బయల్దేరితే దీపాలు పెట్టే వేళకి చేరతారు. సామాను ముందే లారీలో వెళ్ళిపోయింది. మనిషి మిగిలింది, తెల్లారితే ఆ మనిషీ వెళ్ళిపోతుంది. తమ్ముడి గురించి నాకు బెంగ లేదు. వాడెక్కడికి పోతాడు? షెడ్డు పైనున్న వాటాలోనే ఉంటాడు, రోజూ వాడి మొహం చూడక నాకు తప్పదు. నా ఏడుపంతా మరదలు పోతోందని. మొగుడూ పెళ్ళాలు విడిపోతే ఇల్లెవరిదో, బండెవరిదో తేలుస్తారు. వదిన ఎవరి వాటాకి వస్తుందో ఆ జడ్జీ అడగనేలేదు. అడుగుతాడేమోనని నేను ఇస్త్రీ చీర కట్టుకుని మరీ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను.

నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి, కారు కిందనుంచి బయటికి రావడానికి తీరిక దొరకలేదని చెబుతాను. మా నాన్న పోయాక ఈ షెడ్డు నేనే చూసుకుంటున్నాను. సాయానికి ఎవర్ని పెట్టుకున్నా నిలవరు. నా నోరు అలాంటిది. దాన్ని తట్టుకుని ఇన్నేళ్ళు నా పక్కన కూర్చున్నది మా మరదలొక్కతే. ఆమె పళ్ళ సెట్లు చేస్తుంది. ఆ ల్యాబు మా షెడ్డు వెనక గోడని ఆనుకునే ఉంటుంది. మధ్యాహ్నం కాగానే చేతుల నిండా తెల్లటి పొడితో, క్యారియరు పట్టుకుని వెనక తలుపులోంచి వచ్చేది. నల్లచేతులు నావి, తెల్లచేతులు ఆమెవి, రెండు జతలూ ఒకే కుళాయి కింద కడుక్కుని తినేవాళ్ళం. తింటూ ఊళ్ళోవాళ్ళ పళ్ళ గురించి ఆమె, వాళ్ళ బళ్ళ గురించి నేను చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం. మా వీధి చివర మీసాలాయనకి సొంత పన్ను ఒక్కటీ లేదనీ, ఆయన బండికి సొంత భాగం ఒక్కటీ లేదనీ మా ఇద్దరికే తెలుసు.

ఎందుకు విడిపోయారని అడక్కండి. చెప్పడానికి ఏమన్నా ఉండాలి కదా. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. మా తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా ఆ చీకటి గొట్టంలో ఒంటరిగా వేలాడి వేలాడి వాడికి మాట పడిపోయినట్టుంది. ఏమడిగినా "సరే" అంటాడు. బయటికెళ్దామా అంటే సరే. వద్దులే అంటే సరే. ఒంట్లో బాగాలేదన్నా సరే. ఓ రోజు ఈ పిల్ల విసిగి వేసారి, "నేను వెళ్ళిపోతాను, విడిపోదాం" అంటే దానికీ సరే అన్నాడట. ఆ ముక్క నాతో చెబుతూ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, క్యారియరు సర్దుకుని వెళ్ళిపోయింది. నేను చేతిలో పానాతోనే మెట్లెక్కి పైకెళ్ళాను.

"ఒరేయ్, సరే అన్నావట్రా?"

వాడు నా చేతిలో పానా వంక చూశాడు. "మరేమనాలక్కా?" అన్నాడు.

వెటకారమైతే ఒక్కటిచ్చుకునేదాన్ని. వాడు నిజంగానే అడిగాడు. ఏమనాలో నాకూ చప్పున తోచలేదు, కిందికి దిగి వచ్చేశాను.

సరే, బండి సంగతికొద్దాం. చూశారా, ఆ మాట నాకూ అంటుకుంది. మా గుమ్మం దగ్గర సిమెంటు గట్టొకటుంది. బండి దానిమీద ఎక్కి దిగేటప్పుడు ముందు కుడిపక్క "డుబుక్" మంది. ఆ శబ్దానికే సగం రోగం తెలిసిపోయింది. గుంట మీదికి తెచ్చి ఆపింది మరదలు. మా షెడ్డులో గుంటంటే కిందికి దిగి, నిలబడి పని చేసుకోవడానికి మా నాన్న తవ్వించిన పొడుగాటి గొయ్యి. ముందు వైపు జాకీతో లేపి, ఇటొకటి అటొకటి స్టాండ్లు పెట్టి, చక్రాలు రెండూ ఊడదీశాను. రాడ్డు దూర్చి ఎత్తితే ఆర్మ్ వదులు పన్నులా ఊగింది.

"బుష్షులు పోయాయి" అన్నాను.

"బుష్షులంటే?"

"ఇన్నేళ్ళు ఇక్కడే కూర్చుని తిన్నావు, ఆ మాత్రం తెలీదా?"

"తిన్నాను. నేర్చుకోలేదు" అంది.

బుష్షంటే బ్రహ్మవిద్యేం కాదు. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి ఒకటుంటుంది. దాన్నే ఆర్మ్ అంటాం. ఆ చెయ్యి బండికి తగులుకునే చోట గుండ్రటి రబ్బరు, ఆ రబ్బరుకి అతుక్కుని మధ్యలో చిన్న ఇనప గొట్టం, ఆ గొట్టంలోంచి బోల్టు. చక్రం గతుకులో పడ్డప్పుడల్లా రబ్బరు మెలితిరిగి, దెబ్బ తాను తిని, మళ్ళీ మామూలుకొచ్చేస్తుంది. అది కాస్తా చిరిగిందంటే ఇనుమూ ఇనుమూ గుద్దుకుంటాయి. బ్రేకు తొక్కితే బండి ఓ పక్కకి లాగుతుంది. టైరు లోపలి అంచు తినేస్తుంది. ఇదంతా చెప్పాను.

ఆమె శ్రద్ధగా విని, "అంటే రెండు ఇనుములు కొట్టుకోకుండా మధ్యలో ఒకటి నలుగుతుందన్నమాట, మీలాగా" అంది.

"ఇదిగో, నా షెడ్డులో కవిత్వాలు చెప్పకు. మీరిద్దరూ కొట్టుకుని చస్తే గదా నేను నలగడానికి? ఆ సబ్బు డబ్బా ఇలా పట్రా."

పట్టుకొచ్చింది. ఈలోగా నేను ఆర్మ్ రెండూ ఊడదీసి, ఒకదాన్ని బల్లకున్న వైసులో బిగించి పాత బుష్షు మీద దీపం వేసి చూశాను. అరికాలి మంట నెత్తికెక్కింది. రబ్బరు ముసలిదై పగిలితే దాని తీరు వేరు, అంతా బీటలు పారుతుంది. ఇది నల్లగా నిగనిగలాడుతూ పడుచుదనంతో ఉంది, ఒకే పక్క మాత్రం మెలితిప్పి చించినట్టు ఊడిపోయింది.

"ఇవెవరు మార్చారు?"

"పోయినేడు మీరు జ్వరంతో పడుకున్నారు కదా. అప్పుడు ఆయన వాళ్ళ ఆఫీసు దగ్గర ఎక్కడో మార్పించుకొచ్చారు."

"జాకీ మీద బిగించి చచ్చాడు వెధవ!"

"ఎవరు, ఆయనా?"

"ఆ మెకానిక్కు. మీ ఆయనా వెధవే. అది వేరే సంగతి."

మీ ఆయన అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆమె విననట్టు సబ్బు డబ్బా మీద రాతలు చదువుకుంటోంది.

జాకీ మీద బిగించడం అంటే నాకు ఎందుకంత కోపమో ఆమెకి చెప్పాల్సి వచ్చింది. బండిని లేపినప్పుడు చక్రాలు కిందికి వేలాడతాయి, వాటితోపాటు ఆర్మూ కిందికి వాలుతుంది. అప్పుడే బోల్టు గట్టిగా బిగించేశారనుకోండి, ఆ గొట్టం కదలదు, రబ్బరు ఆ వాలుకే అలవాటైపోతుంది. తర్వాత బండి కిందికి దించగానే ఆర్మ్ పైకి లేస్తుంది, రబ్బరు మెలిపడుతుంది. ఇక ఆ మెలి వదలదు. బండి ఊరికే ఇంటి ముందు నిలబడి ఉన్నా రబ్బరు మాత్రం మెలితిరిగే ఉంటుంది. ఏడాది తిరక్కుండా చిరిగిపోతుంది. అందుకే జాకీ మీద ఉన్నప్పుడు నట్టు వేలితో తిప్పి వదిలెయ్యాలి. చక్రాలు నేల మీద ఆనాక, బండి బరువు బండి మీద పడ్డాక, గుంటలోకి దిగి అప్పుడు బిగించాలి. అంత కష్టం ఎవడు పడతాడు? పైనే బిగించేసి, టీ తాగి వెళ్ళిపోతారు.

"అర్థం కాలేదా? మెడ కుడి పక్కకి తిప్పు. ఊఁ, అలాగే ఉంచు. ఇప్పుడు అలాగే పని చేసుకో."

తిప్పింది. తిప్పి, అలాగే కూర్చుని, నేను అరలోంచి తీసిచ్చిన కొత్త బుష్షుల కాగితాలు విప్పింది. నేను పాత బుష్షులు నొక్కే ప్రెస్సులో పెట్టి బయటికి తోసి, లోపలి తుప్పు గీకి, గుడ్డతో తుడిచి వెనక్కి తిరిగేసరికి ఇంకా మెడ అటే పెట్టుకుని ఉంది.

"చాల్లే, తిప్పుకో."

"పట్టేసింది" అంది.

నాకు నవ్వొచ్చింది. మెడ కింద బొటనవేలితో రుద్దాను. ఆమె కూడా నవ్వబోయి, ఎందుకో కళ్ళు దించుకుని, నా చెయ్యి మెల్లిగా తీసేసింది.

కొత్త బుష్షు ఎక్కించడానికి గ్రీజు రాయకూడదు. రాస్తే రబ్బరు ఉబ్బి కుళ్ళిపోతుంది. సబ్బు నీళ్ళే రాయాలి. ఈ రకం బుష్షులో ఓ చోట సందులుంటాయి, ఆ సందులు పాత బుష్షుకి ఎటు తిరిగి ఉన్నాయో కొత్తదానికీ అటే ఉండాలి. నేను సుద్దతో గీత పెట్టాను. మరదలు వంగి చూసి, "వెంట్రుకవాసి వంకర" అంది. నేను మళ్ళీ చూస్తే నిజంగానే వంకర. ఆమె ఇన్నేళ్ళూ పన్ను పక్కన పన్ను పెట్టిన మనిషి. తన సంచీలోంచి సన్నటి పెన్సిలు తీసి, ఊపిరి బిగబట్టి, ఆర్మ్ మీద తనే గీత గీసింది. అంత చక్కటి గీత నా షెడ్డులో ఎన్నడూ ఎవరూ గియ్యలేదు. ఆ ముక్క అంటే నెత్తికెక్కుతుందని, "ఊఁ, పర్లేదు" అన్నాను.

ప్రెస్సు కింద బుష్షు పెట్టి, ఎడం చేత్తో సరిచేస్తూ కుడిచేత్తో పిడి కొడుతున్నాను. బుష్షు ఒక్కసారిగా వాలింది.

"చెయ్యి తియ్యి!" అని మరదలు గావుకేక పెట్టింది.

తీశాను. నా వేలున్న చోట ఆర్మ్ ధడాలున కూలబడింది. ఇద్దరం కాసేపు దాని వంకే చూశాం.

"తియ్యండి" అని సవరించింది.

"తీసేశాను లెండి" అన్నాను.

ఆర్మ్ రెండూ మళ్ళీ బండికి తగిలించి, బోల్టులు దూర్చి, నట్లు వేలితో తిప్పి వదిలేశానో లేదో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మా తమ్ముడు దిగాడు. సెలవు పెట్టాడట. చేతిలో బండి రెండో తాళం, గాలి కొలిచే మీటరు. మరదలు లేచి నిలబడింది. వాడూ నిలబడే ఉన్నాడు. మధ్యలో చక్రాల్లేని బండి.

నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నేనే అనుకోవాలి మెరుపని.

"మంచి టైముకే దిగావు. ఇప్పుడు చక్రాలు పెట్టి కిందికి దించుతాను. బోల్టులు బిగించేటప్పుడు బండిలో బరువుండాలి. ఇది మా నాన్న పద్ధతి. రోజూ ఆ బండిలో ఎవరు తిరుగుతారో వాళ్ళు ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంటేనే ఆయన పానా పట్టుకునేవాడు. కాబట్టి నువ్వు అటు, అమ్మాయి ఇటు. ఇద్దరూ ఎక్కి కూర్చోవాలి. నాకు కాస్త ఎక్కువ సేపే పడుతుంది."

మా నాన్న పద్ధతి నిజమే. ఎక్కువ సేపు పడుతుందన్నది మాత్రం నేను కలిపాను. పక్కపక్కన అద్దాలెక్కించుకుని కూర్చుంటే వెధవ నోటికి ఏదో ఒకటి రాకపోతుందా, సరే కాకుండా ఇంకో మాట తగలకపోతుందా అని నా ఆశ. అబద్ధం ఎందుకు, ఆ ఒక్క మాట కోసం అవసరమైతే పొద్దుగూకేదాకా గుంటలోనే ఉండిపోదామనుకున్నాను.

మరదలు వాడి వంక చూడలేదు. నా వంక చూసింది. ఏం కోపం లేకుండా, "ఇక నుంచి తిరిగేది నేనొక్కదాన్నే కదా వదినా" అంది.

నేను తమ్ముడి మొహంలోకి చూశాను. అనరా. ఏదో ఒకటి అనరా. వాడు నోరు తెరిచాడు.

"సరే" అన్నాడు.

వాణ్ణి గుంటలోకి తోసెయ్యాలన్నంత కోపం వచ్చింది. తోసినా సరే అనే దిగుతాడు, ఏం లాభం? వాడు బండి వెనక్కి వెళ్ళి, డిక్కీ తెరిచి, స్టెప్నీలో గాలి చూశాడు. చాలలేదేమో, పంపు తెచ్చి కొట్టాడు. మళ్ళీ చూశాడు. విప్పి పక్కన పెట్టిన రెండు చక్రాల్లోనూ చూశాడు. వెనక చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని వాటిలోనూ చూశాడు. చూడ్డానికి ఇంకేం చక్రాలు మిగల్లేదు. అప్పుడు లేచి, రెండో తాళం బల్ల మీద పెట్టాడు.

"వానొస్తే మెల్లిగా వెళ్ళు" అన్నాడు.

"సరే" అంది ఈ పిల్ల.

వాడు మెట్లెక్కాడు. సగంలో ఆగినట్టు చప్పుడు ఆగిపోయింది. ఇద్దరం పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాం. మళ్ళీ అడుగులు మొదలయ్యాయి, తలుపు పడింది.

"ల్యాబులో వాళ్ళకి చెప్పేసి వస్తాను" అని మరదలు వెనక తలుపులోంచి వెళ్ళిపోయింది.

నేనూ బండీ మిగిలాం. చక్రాలింకా పెట్టలేదు. ఆర్మ్ రెండూ కిందికి వేలాడుతున్నాయి. చేతిలో పెద్ద పానా ఉంది. అప్పుడొచ్చింది నాకు ఆ పాడు బుద్ధి.

ఇలాగే బిగించేస్తే?

ఎవరికీ ఏమీ కాదు. కొన్నాళ్ళు బండి మహారాణిలా పోతుంది. ఏడాది తిరక్కుండా మళ్ళీ డుబుక్ మంటుంది. ఆ ఊళ్ళో మెకానిక్కుల్ని నమ్మదు, వాళ్ళ గురించి నేనే ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. బండేసుకుని ఇక్కడికే రావాలి. వచ్చిందంటే ఆ రోజంతా ఇక్కడే. మధ్యాహ్నం తినాలి కదా. మళ్ళీ అలాగే బిగిస్తే మళ్ళీ వస్తుంది. తీసుకెళ్ళి పానా నట్టుకి తగిలించాను. జాకీ మీద బిగించేవాళ్ళని నేను తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. అన్నీ నాకే సరిపోయేలా ఉన్నాయి.

తల పైకెత్తితే మరదలు పక్కనే ఉంది. ఎప్పుడొచ్చిందో. పానా చూసింది. వేలాడుతున్న ఆర్మ్ చూసింది. చక్రం లేని చోటు చూసింది. తిన్నన్నాళ్ళూ నేర్చుకోలేదు గానీ, ఇవాళ మెడ పట్టేసేదాకా నేర్చుకుంది కదా. సిగ్గుతో చచ్చిపోయాను. పానా తియ్యడానికి కూడా చెయ్యి రాలేదు.

ఆమె నా పక్కన గొంతుక్కూర్చుంది. నట్టు మీద పడ్డ దుమ్ము వేలితో తుడిచింది.

"బిగించెయ్ వదినా" అంది.

"ఏంటి?"

"జాకీ మీదే బిగించెయ్. ఏడాదికి చిరిగిపోతాయన్నావుగా. అప్పుడు రావచ్చు."

నేను అనుకున్నప్పుడు ఆ ఆలోచన ఏదో తెలివిగా ఉన్నట్టనిపించింది. అదే ఆమె నోట విన్నాక పానా ఊడబెరికి బల్ల మీదికి విసిరేశాను.

"నీకు బుద్ధుందా? చిరిగే బుష్షులేసుకుని ఊళ్ళు పట్టుకు తిరుగుతావా? ఎక్కడో బ్రేకేస్తే బండి పక్కకి లాగితే ఎవర్ని పిలుస్తావు?"

"నువ్వు బిగించబోయావు కదా?"

"నాకూ లేదు బుద్ధి! అయితే ఏంటట? రావాలనుంటే రావచ్చుగా. బండి చెడితేనే గానీ రావా?"

"ఏమని రాను?" అంది. గొంతు పెంచింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నా మీద కోపంతో గొంతు పెంచడం అదే మొదలు. "పైన ఆయనుంటాడు, కింద నువ్వుంటావు. గుమ్మంలో నిలబడి ఎవరి కోసం వచ్చానని చెప్పను? బండి చెడితే బండి కోసం వచ్చానంటాను. ఊరికే వస్తే నేనెవర్ని ఇక్కడ? నన్నేమంటారు? నువ్వు నాకేమవుతావు వదినా ఇప్పుడు?"

"ఆ వదినా అని అరుస్తున్నావు చూడు, అదే అవుతాను!" నేనూ అరిచాను. పైన వాడికి వినబడితే వినబడనీ. "వాడు సరే అన్నాడు, నువ్వు సరే అన్నావు, కోర్టులో ఎవరి సంతకం వాళ్ళు పెట్టుకున్నారు. నన్నెవడూ అడగలేదు. నేను సరే అన్లేదు, అనను కూడా. మీ గొడవ మీది. బండి నిక్షేపంలా ఉన్నప్పుడే రా. ఎవడైనా ఎందుకొచ్చావంటే మా వదినని చూడ్డానికొచ్చానని చెప్పు. నవ్వాడంటే పళ్ళు రాలగొడతాను. సెట్టు నువ్వే కట్టి ఇద్దువుగాని."

ఆమె వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. లేచి వెళ్ళి ఒక చక్రం దొర్లించుకుంటూ తెచ్చింది. నేను రెండోది తెచ్చాను. బిగించాం. స్టాండ్లు తీసి, జాకీ వదిలి, బండిని మెల్లిగా నేల మీదికి దించాను. ముందు బంపరు పట్టుకుని ఇద్దరం నాలుగు ఊపులు ఊపాం, అన్నీ వాటి వాటి చోట్లలో సర్దుకోవాలని.

"ఎక్కి కూర్చో" అన్నాను. "ఎప్పుడూ కూర్చున్నట్టు కాదు. రేపట్నుంచి కూర్చునే చోట."

తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుంది. నేను గుంటలోకి దిగాను. ఆమె కూర్చోగానే బండి కాస్త కిందికి ఒదిగింది. దీపం కొక్కేనికి తగిలించి, మొదటి బోల్టుకి పానా పెట్టి లాగాను. సరిపడా బిగిస్తే టక్కుమని చప్పుడొచ్చే పానా అది. మొదటిది టక్కుమంది. రెండోదానికి పెట్టేసరికి బండి సన్నగా అదురుతోంది.

"కదలకే" అన్నాను.

"కదలట్లేదు" అంది పైనుంచి. గొంతు ముక్కులోంచి వచ్చింది.

"ఏడుపు ఆపు. నువ్వు వెక్కితే ఇక్కడ పానా జారుతోంది."

"నువ్వూ ఏడుస్తున్నావుగా, వినబడుతోంది."

"తుప్పు పడింది కంట్లో. నీ పని చూసుకో. స్టీరింగు తిన్నగా పట్టుకో."

పట్టుకున్నట్టుంది, చక్రాలు తిన్నగా వచ్చాయి. అదురు తగ్గేదాకా ఆగి రెండోది బిగించాను. అటు పక్కకి జరిగి మూడోది బిగించాను. నాలుగోదీ టక్కుమంది. చేత్తో పట్టుకుని ఆర్మ్ లాగి చూశాను. రబ్బరు ఏ మెలీ లేకుండా చక్కగా, ఆమె గీసిన గీతకి ఎదురుగా కూర్చుని ఉంది. అంత మంచి పని ఈమధ్య కాలంలో నేను చెయ్యలేదు. ఎంత దూరమైనా పోతుంది ఇక ఆ బండి. దీపం తీసి, పానా తుడిచి, గుంట గోడకి ఆనుకుని అక్కడే నిలబడ్డాను. నెత్తి మీద బండి, బండిలో ఆమె.

చాలాసేపటికి పైనుంచి, "అయిపోయిందా వదినా?" అంది.

"ఇంకా లేదు. కదలకుండా కూర్చో" అన్నాను.